రయేన్‌కు చూపించాలనుకున్నవి

ఆగస్టు 11

రాజధాని శాంతియాగో నుంచి సాయంత్రానికి ఇల్లు చేరాం. డాక్టరమ్మ చెప్పిన పేరు ఇక్కడ రాయను. రాస్తే దాన్ని నేనే పిలిచి ఇంట్లో కూర్చోబెట్టినట్టవుతుంది.

రయేన్ కళ్ళలో చుక్కలు వేసి, చీకటి గదిలో, గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించారు. చిన్న వెలుగు కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కమన్నారు. అది చాలాసేపు నొక్కకుండానే కూర్చుంది. నిద్ర పట్టిందేమో అనుకున్నాను. ముందురోజంతా బస్సులో ప్రయాణం మరి.

తర్వాత డాక్టరమ్మ మా ఇద్దరికీ వివరంగానే చెప్పింది. రయేన్ మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే నేను మళ్ళీ లోపలికి వెళ్ళి ఎంత కాలం అని అడిగాను.

"చెప్పలేనమ్మా. కొందరికి చాలా ఏళ్ళు ఉంటుంది చూపు, కొందరికి ఉండదు. మీ అమ్మాయికి చూపించాలనుకున్నవి ఏమైనా ఉంటే మాత్రం వాయిదా వెయ్యకండి."

తిరుగు బస్సులో అన్నాను, "నార్వే వెళ్దామా తల్లీ?"

"నిజంగానా?"

"నిజంగానే."

"ఆ పచ్చ వెలుగులు చూడ్డానికా?"

"ఇంకెందుకు మరి?"

అది కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందనే అనుకున్నాను.

దాని చిన్నప్పుడు మా గెస్ట్‌హౌస్‌లో దిగిన నార్వే పెద్దావిడ ఒక క్యాలెండరు ఇచ్చి వెళ్ళింది. డిసెంబరు బొమ్మలో మంచు, నల్లటి ఆకాశం, ఆకాశమంతా తెర ఆరేసినట్టు పచ్చటి వెలుగు. ఏడేళ్ళుగా ఆ బొమ్మ దాని మంచం పక్క గోడకే ఉంది. పదహారేళ్ళ పిల్లకి ఇంకేం చూపించాలో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆగస్టు 12

వంటింట్లో బల్బు మార్చాను. పాతది మరీ గుడ్డి... మరీ మసగ్గా ఉంది.

ఆగస్టు 21

ఎలిసేయో గని నుంచి దిగాడు. ఒక వారం కొండమీద లారీ తోలడం, ఒక వారం ఇంట్లో తినడం. పెళ్ళయినప్పటి నుంచీ సగం మొగుడు అని మా అత్త ఎగతాళి చేస్తుంది.

నార్వే సంగతి చెప్పాను. చాలాసేపు రొట్టె మీద అవకాడో రాస్తూ కూర్చున్నాడు. గనిలో ఈ ఏడు జీతాల ఒప్పందం కుదిరినప్పుడు ఇచ్చిన సొమ్ము ఇంటి కప్పుకని దాచాం. "కప్పు ఇంకో ఏడాది ఆగుతుందిలే. మనూళ్ళో వాన పడితే కదా," అన్నాడు. ఆ మాటకి లేచి వెళ్ళి అతని బట్టతల మీద ముద్దు పెట్టాను.

అత్త సునీల్దా మాత్రం ఊరుకోలేదు. "దునియా అంతా రెక్కలు కట్టుకుని మన వికూన్యా ఊరి ఆకాశం చూడ్డానికి వస్తుంటే, మీరు ఇంకోళ్ళ ఆకాశం చూడ్డానికి పోతారా? బాదం చెట్టు కింద కూర్చుని వేరుశనగలు కొనుక్కున్నట్టుంది."

"అక్కడి వెలుగులు వేరత్తయ్యా."

"వెలుగు వెలుగే. పిల్లనడిగావా?"

"దాని కోరికే కదా ఇది!"

"తొమ్మిదేళ్ళప్పటి కోరిక," అంది అత్త.

జనవరి చివర్లో వెళ్ళాలని అనుకున్నాం. మనకప్పుడు వేసవి, దానికి బడి సెలవులు. అక్కడ చలికాలం. ఎంత చీకటైతే వెలుగులు అంత బాగా కనిపిస్తాయట.

సెప్టెంబరు 4

ఊరి పేరు ట్రోమ్సో. పలకడం నేర్చుకున్నాను. సముద్రం మధ్య దీవి మీద ఊరు, పెద్ద వంతెన, ఆవల కొండమీదికి తీగల మీద వెళ్ళే డబ్బా. కొమ్ముల దుప్పులు లాగే బళ్ళు. రోజూ సాయంత్రం టీ అయ్యాక బల్ల మీద పటం పరుస్తాను. రయేన్ నా పక్కన కూర్చుని, "ఇక్కడికి కూడానా అమ్మా? ఇది కూడానా?" అంటుంది. నేను చూపించిన ప్రతిదానికీ బాగుందంటుంది. చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ప్రతిదానికీ పేచీయే.

టీ కప్పు తోసేసింది. బల్ల అంచున పెట్టింది నేనే.

వరండా మెట్టు దగ్గర పడబోయింది కూడా. ఆ మెట్టు ఎప్పటి నుంచో సరిగ్గా లేదు. ఎలిసేయోకి చెప్పాలి.

సెప్టెంబరు 19

జాతీయ పండుగ. మైదానంలో పందిళ్ళు, మాంసం కూరిన ఎంపనాడాలు, గిటార్లు. ప్రతి ఏడాదీ సాయంత్రం కువేకా నాట్యంలో రుమాలు తిప్పుతూ ముందు నిలబడే పిల్ల ఈసారి కాలు నొప్పి అంది. బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. పగటిపూట పిల్లలతో గాలిపటం ఎగరేసినప్పుడు ఆ నొప్పి లేదు. వయసు అలాంటిది, ఎవరైనా అబ్బాయి చూస్తున్నాడేమో.

పొద్దుగుంకాక ఇంటికి వస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ మధ్య సాయంత్రాలు బయటికెళ్తే చాలు, అలాగే పట్టుకుంటోంది. ఎన్నాళ్ళయింది నా కూతురు నన్నిలా అంటిపెట్టుకుని! ఈ ప్రయాణం అనుకున్నప్పటి నుంచీ మేము ఎంతో దగ్గరయ్యాం.

వెనక నడుస్తున్న అత్త ఏమీ అనలేదు. మా అత్త ఏమీ అనకపోవడం నాకు నచ్చదు.

అక్టోబరు 7

వాలీబాల్ మానేసిందట. చదువు ఎక్కువైందట. మంచిదే.

అక్టోబరు 16

టిక్కెట్లు తీసుకున్నాం! శాంతియాగో, మాద్రిద్, ఓస్లో, ట్రోమ్సో. నేను చిన్న విమానం కూడా ఎక్కి ఎరగను. ఇంట్లో దిగిన ప్రతివాళ్ళ పెట్టెలూ ఇన్నేళ్ళు మోశాను. ఈసారి నా పెట్టె ఎవరో మొయ్యాలి.

నవంబరు 14

ఎలిసేయోతో పెద్ద గొడవ. గొంతు ఇంకా మండుతోంది.

టీ దగ్గర నెమ్మదిగా మొదలుపెట్టాడు. "నోల్ఫా, నెలలు మారుద్దామా?"

"ఎందుకు?"

"ఆ ఊళ్ళో జనవరిలో పగలే ఉండదట. సూర్యుడు మధ్యాహ్నం కాసేపు మొహం చూపించి పోతాడట."

"అందుకేగా వెళ్తోంది!"

"పిల్ల ఆ చీకట్లో ఎలా తిరుగుతుంది?"

"నేను పక్కనుండగా తిరగలేదా?"

"అది చూడగలగాలి కదా నోల్ఫా."

చూడగలుగుతుంది అని అరిచాను. చూడగలదు కాబట్టే ఇప్పుడే వెళ్తున్నామని, డాక్టరమ్మ వాయిదా వెయ్యొద్దందని, నువ్వు కొండమీద లారీలో కూర్చుంటే ఇక్కడ అన్నీ చూసుకునేది నేనని, దానికి ఏం కనిపిస్తుందో ఏం కనిపించదో నాకు తెలుసని. పక్కగదిలో అతిథులున్న సంగతి కూడా మర్చిపోయాను.

అప్పుడు అత్త పొయ్యి దగ్గర నుంచి తిరిగింది. "దానికి రేచీకటి. ఆ మాట ఈ ఇంట్లో ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనంటున్నా. నా తమ్ముడు ఫెర్మీన్‌కీ ఉండేది. పొద్దు వాలేలోగా మేకల్ని తోలుకురాకపోతే వాడికి దారి తెలిసేది కాదు, మేకలే వాణ్ణి తోలుకొచ్చేవి."

"మీ రక్తంలోంచే వచ్చిందన్నమాట," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

అత్త గరిటె పక్కన పెట్టింది. "ఇటు తండ్రి నుంచీ, అటు తల్లి నుంచీ వస్తేనే వస్తుందని డాక్టరు చెప్పిందని నువ్వేగా చెప్పావు? సరే, నాదే అనుకో. మొయ్యడానికి నాకేం, ముసలిదాన్ని. కానీ ఒక్కటి చెప్తా విను కోడలా. పిల్లకి రేచీకటి, తల్లికి పట్టపగలే చీకటి."

నేను గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాను. నెలలు మార్చను.

నవంబరు 15

అత్తకి క్షమాపణ చెప్పాలి. రేపు చెప్తాను.

డిసెంబరు 2

లా సెరేనా పట్నం వెళ్ళి మా ముగ్గురికీ లావుపాటి కోట్లు తెచ్చాను. ఈ ఎండలో వేసుకుని చూసుకుంటే చెమటలు కారాయి. రయేన్ ఎర్ర కోటు వేసుకుని అద్దం ముందు ఇటూ అటూ తిరిగింది. "ఎలా ఉన్నాను?" అంది. "రాణీగారిలా," అన్నాను. "మంచులో పడినా కనిపిస్తానులే," అంది. నవ్వింది. నేనూ నవ్వాను.

డిసెంబరు 13

నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను. నిన్న చేతకాలేదు.

మా వీధి చివర బాల్దోమెరో ఉంటాడు. నా ఈడువాడే. అతిథుల్ని కొండమీదికి తీసుకెళ్ళి దుర్భిణీలో నక్షత్రాలు చూపించడం అతని పని. మా ఇంటి అతిథులు అతనికి, అతను తెచ్చే అతిథులు నాకు. నిన్న పొద్దుగుంకే వేళకి అతని వ్యానులో చోటుందంటే నేనూ రయేనూ ఎక్కాం. కొత్త కోట్లు కొండగాలికి ఎలా ఆగుతాయో చూద్దామని నా పిచ్చి.

ఎక్కేటప్పుడు ఆకాశం అద్దంలా ఉంది. బాల్దోమెరో దుర్భిణీ బిగించే లోపలే సముద్రం వైపు నుంచి పొగమంచు లోయలోకి పాకింది. వేసవిలో అప్పుడప్పుడూ వస్తుంది. చూస్తుండగానే మొత్తం మూసేసింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఇద్దరు అయ్యో అనుకుంటూ వ్యాను వైపు వెళ్ళిపోయారు. వాళ్ళ భాష రయేన్‌కి అంతగా తెలియదు.

అది నా పక్కనే నిలబడి ఉంది. మెడ వెనక్కి వాల్చి, మొహమంతా ఆకాశానికి అప్పజెప్పి.

"ఎంత బాగున్నాయో అమ్మా," అంది. "అదిగో, మూడు మేరీలు. ఎన్నాళ్ళయిందో చూసి."

చెయ్యెత్తి చూపించింది. మేం మూడు మేరీలనే ఆ మూడు చుక్కల వరస ఉండాల్సిన చోటికే చూపించింది. దానికి ఆ చోటు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడ ఏమీ లేదు. తెల్లటి బూడిదలాంటి పొగ తప్ప.

బాల్దోమెరో, "రయేన్, బంగారూ, ఇప్పుడు మబ్బు..." అని మొదలుపెట్టాడు. నేను చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకుని నొక్కాను. ఆగిపోయాడు.

"అవును తల్లీ," అన్నాను. "చాలా బాగున్నాయి."

డిసెంబరు 14

ఎవరితోనూ ఏమీ అనలేదు.

డిసెంబరు 20

ఉన్ని సాక్సులు కొన్నాను. మూడు జతలు.

డిసెంబరు 27

పండుగకి ఎలిసేయో ఇంట్లోనే ఉన్నాడు. రయేన్‌తో కలిసి వరండా మెట్టుకి పసుపు రంగు వేశాడు. "ఎందుకు?" అని నేను అడగలేదు. "ఇలాగైతే బాగుంది," అని వాళ్ళిద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్ళ మధ్య ఏదో ఉంది, నాకు చెప్పనిది.

మంచు మీద జారని బూట్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి.

జనవరి 9

వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్నాం, నేనూ రయేనూ. పట్టపగలు. కిటికీ నిండా ఎండ.

"అమ్మా, ఆ రోజు కొండమీద మబ్బు పట్టింది కదా?"

"ఎవరు చెప్పారు?"

"బాల్దోమెరో. నిన్న బజార్లో కనిపించాడు. చెప్పకుండా ఉండలేకపోయానన్నాడు పాపం." చిక్కుడు కాయ ఒకటి విరిచింది. "నువ్వు చాలా బాగున్నాయన్నావు."

"నువ్వు ముందన్నావు."

"నేను నీకోసం అన్నాను!"

"నేనూ నీకోసమే అన్నాను."

అప్పుడు అది గిన్నె తోసి లేచింది. గింజలన్నీ నేలమీద పడ్డాయి. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల.

"నక్షత్రాలు కనిపించక ఏడాది దాటింది. నాన్నకి సెప్టెంబరులోనే చెప్పాను. నీకెలా చెప్పను? రోజూ సాయంత్రం ఆ పటం పరుస్తావు. ఇది చూపిస్తా, అది చూపిస్తా అని నీ మొహం వెలిగిపోతుంది. నార్వే వెళ్ళి కూడా బాగుంది బాగుంది అనాలని ప్రాక్టీసు చేసుకుంటున్నాను, తెలుసా? క్యాలెండరులో బొమ్మ చూసి రంగులు బట్టీ పట్టాను. ఆకుపచ్చ, అంచున గులాబీ రంగు. ఎక్కడ ఆశ్చర్యపోవాలో కూడా అనుకున్నాను."

నేనూ లేచాను.

"చచ్చిపోయేవాళ్ళ ఆఖరి కోరిక తీర్చినట్టు తీరుస్తున్నావు. నేనేమైనా చచ్చిపోతున్నానా?"

"ఆ మాట అనకు!"

"నువ్వేగా అనుకుంటున్నావు! నా కళ్ళు పోయిన రోజు నేను కూడా పోతానని. ఆ తర్వాత చూపించడానికి ఏమీ ఉండదని."

వెళ్ళిపోయింది. వరండా దాకా దాని అడుగులు విన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని గింజలు ఏరాను. ఎండలో ఒక్కొక్కటీ ఎంత స్పష్టంగా ఉన్నాయో. బల్ల కిందివి కూడా.

జనవరి 11

టిక్కెట్లు రద్దు చెయ్యమని ఎలిసేయోకి చెప్పాను. సరే అన్నాడు. "నాకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "అది నన్ను ఒట్టు వేయించుకుంది. పైగా చెబుదామని నవంబరులో చూశాను కదా," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తీసేశాను. తర్వాత నేనే మళ్ళీ అతని చెయ్యి తెచ్చి వేసుకున్నాను.

జనవరి 26

ఇవాళ ఎక్కాల్సిన విమానం మనుషులతో నిండే వెళ్ళి ఉంటుంది.

ఎండ మండిపోతోంది. గదులన్నీ నిండాయి. రయేన్ అడిగినదానికి జవాబు చెప్తుంది, అంతే. సాయంత్రాలు నా చెయ్యి పట్టుకోవడం లేదు. బయటికే రావడం లేదు. సెప్టెంబరులో ఎంత మురిసిపోయానో తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 10

కొత్తగా దిగిన దంపతులు నార్వేవాళ్ళు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ట్రోమ్సోకి ఇంకా పైన, ఉత్తరాన ఏదో చేపల ఊరట. ఆయన స్పానిష్ నత్తినత్తిగా మాట్లాడతాడు.

పొద్దున టిఫిను దగ్గర బాల్దోమెరో కొండని తెగ పొగిడారు. "మీ చీకటి ఎంత బాగుంది! మా దగ్గర వేసవిలో ఇలాంటిది దొరకదు. రాత్రంతా ఎండే. కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకుంటాం," అన్నాడాయన.

రొట్టెల బుట్ట పట్టుకుని రయేన్ నిలబడింది. "అసలు చీకటే పడదా?"

"జూన్, జూలైలలో సూర్యుడు మునగనే మునగడమ్మా. అర్ధరాత్రి మా ఆవిడ తోటలో కలుపు తీస్తుంది. నేను అరుస్తాను, పడుకోవే మహాతల్లీ అని."

ఆవిడ నవ్వింది. రయేన్ బుట్ట పట్టుకుని అలాగే ఉంది. మిగతా బల్లల వాళ్ళు రొట్టె కోసం పిలుస్తున్నారు. "పిల్లా, రొట్టె!" అని నేను గదమాయించాను.

ఫిబ్రవరి 17

రయేన్ నాతో మాట్లాడింది. గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా.

"జూలైలో చలికాలం సెలవులున్నాయి కదా."

"ఉన్నాయి."

"అప్పుడు ట్రోమ్సో వెళ్దాం."

"అక్కడప్పుడు వేసవి, ఆ వెలుగులు కనిపించవు తల్లీ. ఆకాశం తెల్లగా ఉంటుందట."

"తెలుసు."

"మరి ఏం చూడ్డానికి?"

"చూడ్డానికి కాదు. నడవడానికి." గుడ్డ పక్కన పెట్టింది. "రాత్రి పన్నెండింటికి ఒక్కదాన్నే వీధుల్లో తిరగాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. నా ఈడు పిల్లలంతా చేస్తారు. నేను పదిహేనో ఏట నుంచి చెయ్యలేదు. ఆ ఊళ్ళో చెయ్యగలను. నువ్వు వెనకాల రాకూడదు."

ఆలోచిస్తానన్నాను. ఒక్కదాన్ని, ఊరుకాని ఊళ్ళో, అర్ధరాత్రి! ఎలిసేయో గని నుంచి ఫోన్ చేస్తే చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. ఏడుస్తున్నాడనుకుంటాను. "వెళ్దాం" అన్నాడు.

మార్చి 8

రెటినైటిస్ పిగ్మెంటోసా. డాక్టరమ్మ చెప్పిన పేరు.

రాశాను. ఏమీ కాలేదు. పక్కింటి కుక్క మొరుగుతూనే ఉంది.

అత్తకి క్షమాపణ కూడా చెప్పాను. "దేనికి?" అంది. నవంబరు మాట గుర్తు చేశాను. "అబ్బో, ఆ రేపు ఇప్పటికొచ్చిందా!" అంది. నేను రేపు చెప్తాననుకున్నట్టు ఆవిడకెలా తెలుసో! తర్వాత ఫెర్మీన్ సంగతి అడిగాను. ఎలా బతికాడని. "ఎలా ఏంటి? పెళ్ళి చేసుకున్నాడు, జున్ను చేశాడు, పెళ్ళాంతో కొట్లాడాడు. ఆఖరికి పగలు కూడా పోయింది. అప్పుడూ కొట్లాడాడు. గొంతు ఎటు నుంచి వస్తే అటు."

మే 6

లా సెరేనాలో తెల్లకర్ర పట్టుకుని నడవడం నేర్పే ఆవిడ ఉంది. ఇంకా అవసరం లేదని నేను. ఇప్పుడే నేర్చుకుంటే సులువని ఆవిడ, రయేన్. మొదటిరోజు నేను వెళ్ళాను. రయేన్ కళ్ళకి గంతలు కట్టి హాల్లో నడిపించారు. గోడకి తగిలింది. నేను లేచి నిలబడ్డాను. ఆ టీచరు, "అమ్మగారూ, బయట కాఫీ బాగుంటుంది, తాగి రండి," అంది.

అప్పటి నుంచీ అత్త తీసుకెళ్తోంది. ఆవిడకి కాఫీ ఇష్టం.

జూన్ 12

ఒప్పుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఇవాళ బడి వదిలాక దాని వెనకే నడిచాను, చాలా దూరంగా. వెనకాల రాకుండా ఉండగలనో లేదో తెలుసుకోవాలని. ఉండలేనని తెలిసింది.

దాని చూపు పక్కల నుంచి తగ్గుతోంది. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, అంచులు పోతున్నాయి. బజారు మలుపులో బొప్పాయి బండికి తగిలింది. కాయలు దొర్లాయి.

"కళ్ళు కనబడవా?" అని బండివాడు అరిచాడు.

"కొంచెం కనబడతాయి. నీ బండే మరీ అడ్డంగా ఉంది," అంది నా కూతురు.

అతను బిత్తరపోయాడు. ఇద్దరూ వంగి కాయలు ఏరారు. అది చేత్తో తడుముతూ బండి కింద కాయ కూడా తీసింది. వెళ్ళేటప్పుడు అతను ఒక కాయ దాని సంచిలో వేశాడు.

నేను పక్కసందులోంచి ఇంటికొచ్చేశాను. బొప్పాయి బాగుంది, తియ్యగా.

జూలై 3

పెట్టెలు సర్దేశాం. ఇల్లు అత్తకి, బాల్దోమెరోకి అప్పగించాం. అత్త గుమ్మంలో నిలబడి రయేన్‌తో చెప్పింది, "అక్కడ పొద్దుగుంకకపోతే ఎప్పుడు పడుకోవాలో ఎవరు చెప్తారు? అడిగి తెలుసుకో." దాని మొహం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జూలై 6, ట్రోమ్సో

విమానాలు, నిద్రలేమి. కాళ్ళు వాచాయి. వంతెన చూశాం, కొండమీదికి డబ్బాలో వెళ్ళాం. ఎలిసేయో కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. అన్నం తినే వేళేదో పడుకునే వేళేదో తెలియడం లేదు. కిటికీ దగ్గర గుడ్లగూబలా మెలకువగా ఉన్నాను. ఎండ.

రేపు వెళ్తానంది.

జూలై 8

నిన్న వెళ్ళింది.

కర్ర తీసుకెళ్ళమన్నాను. మడిచి జేబులో పెట్టుకుంది. "అవసరమైతే తీస్తాను." తలుపు దగ్గర ఎలిసేయో నా నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డాడు. ప్రేమతో అనుకునేరు ఎవరైనా. పట్టి ఆపడానికి.

అది మెట్లు దిగే చప్పుడు విన్నాం. తర్వాత నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. బయట అర్ధరాత్రి. సముద్రం మీద సూర్యుడు పొద్దున్నే మా లోయలో ఉన్నట్టు ఉన్నాడు. కాకపోతే ఎటూ కదలకుండా. ఇళ్ళ నీడలు వీధి మీద పొడుగ్గా పడుకుని ఉన్నాయి. రయేన్ గుమ్మం బయట కాసేపు నిలబడింది. తర్వాత నడిచింది. నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి. పేవ్‌మెంటు అంచు చూసుకోక ఒకచోట తూలింది. నేను కిటికీ చట్రాన్ని పట్టుకున్నాను. నిలదొక్కుకుని మలుపు తిరిగింది. ఇక కనబడలేదు.

"కూర్చో నోల్ఫా," అన్నాడు ఎలిసేయో. కూర్చోలేదు. అతనూ కూర్చోలేదు.

ఎంతసేపో రాయను. దేవుడితో ఏమేం ఒప్పందాలు చేసుకున్నానో కూడా రాయను. ఈ చూపు ఎంతకాలమో నాకు తెలియదు. వచ్చే ఏటికి ఎంత మిగులుతుందో, ఈ ఊళ్ళో ఈ వెలుగులో కూడా ఏం మిగులుతుందో. దాన్ని తలచుకోకుండా ఉండడం నాకు చేతకాదు. రయేన్‌కి చేతనవుతుందా, లేక అదీ నాకోసమేనా? అది కూడా తెలియదు.

మెట్ల మీద చప్పుడు. లోపలికి వచ్చింది. చెంపలు ఎర్రగా, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి.

"పడ్డావా?" అన్నాడు ఎలిసేయో.

"రేవు దగ్గర ఏదో ఇనప కొక్కెం. కింద ఉంది, చూసుకోలేదు. ఎవరో ముసలాయన లేవదీయబోయి ఏదేదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఆ కొక్కేన్ని మన భాషలో తిట్టాను. తననే అనుకుని వెళ్ళిపోయాడు పాపం." పగలబడి నవ్వింది. మంచం మీద వెల్లకిలా పడి కూడా నవ్వుతూనే ఉంది. "ఆకలేస్తోంది."

రొట్టె కోసి ఇచ్చాను. ఏం చూశావని అడగకూడదని గట్టిగా అనుకున్నాను. అడగలేదు.

నోటి నిండా రొట్టెతో అంది, "రేపు కూడా వెళ్తాను. రేపు మాత్రం నువ్వు కిటికీ దగ్గర కూడా నిలబడకూడదు."

"నేనెక్కడ నిలబడ్డాను? పడుకున్నాను."

"అబద్ధం," అంది నా కూతురు. "వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. కనిపించావు."